పొద్దు మునగని ఊళ్ళో మొక్కు చీర

సీమకు పోయొచ్చినవాడినని తెలిసి ధర్మవరంలో ఎవరైనా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటే, లండన్ సంగతులు చెబుతానని ఎదురుచూస్తారు. లండన్ నేను చూడలేదు. నేను చూసింది స్వీడన్ దేశంలోని నోర్షోపింగ్ అనే ఊరు. ఆ పేరు వినగానే సగంమంది లేచిపోతారు.

ఆ దేశం వాళ్ళకు కూడా ఆ ఊరంటే లెక్కలేదట. ఈ మాట చెప్పింది ఆ ఊరివాడే అయిన నీల్సన్ దొర. ఆయన బెంగుళూరు కంటోన్మెంటులో ఉండి, పట్టుకు అద్దే రంగులు అమ్మడానికి ధర్మవరం వస్తూ ఉండేవాడు. ఒకసారి ఆయనా నేనూ ఒకే రైలుబండిలో పోతున్నాం. పెనుకొండ దగ్గర కొండమీది కోటగోడలు చూసి, ఇదేమి ఊరని తన బట్లరు సాబ్జాన్ చేత అడిగించాడు. ఒకప్పుడు రాజులు ఏలిన ఊరు, ఇప్పుడు దిగేవాళ్ళు తక్కువ, అందరూ కిటికీలోంచి చూసి "ఓహో" అని పోతారు అన్నాను. దొర నవ్వి ఏదో అన్నాడు.

"దొర సొంతూరు గూడా అట్లాంటిదేనంట పోతులయ్యా. అందరూ పట్నం పోయే రైల్లోంచే చూస్తారంట," అని సాబ్జాన్ చెప్పాడు.

1936 ఎండాకాలంలో ఆ ఊళ్ళో నేతపనుల ప్రదర్శన ఒకటి పెట్టారు. దేశదేశాల మగ్గాలను ఒకచోట ఆడించి చూపడం వాళ్ళ ఉద్దేశం. నీల్సన్ దొర మా మగ్గాన్ని కోరాడు. నేయడానికి నన్నూ, కండెలకు పట్టుపోగు చుట్టి, తెగిన పోగులు అతకడానికి నా భార్య గౌరినీ, మాటలు చెప్పడానికి సాబ్జాన్‌నూ తీసుకుపోతానన్నాడు.

మా అమ్మ నరసమ్మ ఇది విని కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. సముద్రం దాటితే కులం పోతుందన్న భయం అప్పటికే పాతబడింది. ఆమె బాధంతా మా పాప గురించి. పాప చౌడక్కకు అంతకు ముందు ఏడు విషజ్వరం వచ్చింది. చౌడేశ్వరమ్మకు పట్టుచీర నేసిస్తామని మొక్కుకున్నాక జ్వరం దిగింది. ఏడాది గడిచినా ఆ చీర మగ్గం ఎక్కలేదు. పాప ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, అమ్మ నా వంక చూసేది.

"మొక్కు తీర్చకుండా నీళ్ళు దాటి పోతాండావు. ఆయమ్మ ఊరుకుంటాదా?" అంది ఒకనాడు.

"పోయొచ్చినాక నేస్తాలేమ్మా."

"నీ పోయేది, వచ్చేది నాకు తెలీదు. ఆ చీరే ఆడ నేయి. మొక్కు చీర మగ్గం మీదుంటే అమ్మ మీ ఎంబడి వస్తాది."

"మరి ఈడ పాప దగ్గర ఎవరుంటారత్తా?" అంది గౌరి.

"ఈడ నేనుండా గదా," అంది అమ్మ, తానూ అమ్మవారూ పని పంచుకున్నట్లు.

మొక్కు చీరకు మా ఇంట్లో నియమాలున్నాయి. అది మగ్గం మీదున్నంత కాలం ఇంట్లో నీచు వండకూడదు. స్నానం చేసి, దీపానికి మొక్కి, కాళ్ళు పెట్టి తొక్కే మగ్గం గుంటలో దిగాలి. దిగాక అన్నానికి తప్ప పొద్దు మునిగేదాకా లేవకూడదు. పొద్దు మునిగాక మళ్ళీ పోగు నడిపే నాడె ముట్టకూడదు. చీర సగంలో ఉండగా మగ్గం విప్పకూడదు. విప్పితే మొక్కు వెనక్కి తీసుకున్నట్లే. మా తాతల నుంచీ వస్తున్న నియమాలివి. నేను వాటిని ప్రశ్నించినవాణ్ణి కాను. ఆ ఊరు పోయేదాకా ప్రశ్నించాల్సిన పని పడలేదు.

*

నోర్షోపింగ్‌ను సాబ్జాన్ నూర్‌షాపేట అనేవాడు. ఎవరో నూర్‌షా అనే పుణ్యాత్ముడు కట్టించిన పేట అయినట్లు, ఎంతో మర్యాదగా పలికేవాడు.

ఊరి నడుమ ఒక ఏరు ఉంది. మా చిత్రావతిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఈ ఏరు మాత్రం మెట్లు దిగుతున్నట్లు ఊరి మధ్యలోంచి దూకుతూ పోతుంది. రెండు ఒడ్లనా నీళ్ళలోంచి లేచినట్లుండే మిల్లు గోడలు. పసుపు రంగు ట్రాములు గంట కొట్టుకుంటూ వంతెన మీద పోతాయి. ఏ సందులో నిలబడినా మిల్లు మగ్గాల చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు వినగానే నాకు ధైర్యం వచ్చింది. భాష తెలియని ఊరైనా, ఇది సాలెవాళ్ళ ఊరే.

మగ్గానికి చోటు సిద్ధమయ్యేదాకా కొన్ని రోజులు పని లేదు. ముగ్గురం ఊరంతా తిరిగాం. పిల్లలు మా వెనకాల నడిచేవాళ్ళు. గౌరి చీర కుచ్చెళ్ళు వాళ్ళకు వింత, వాళ్ళ తెల్లని కనుబొమలు గౌరికి వింత. గౌరి నిలబడితే వాళ్ళూ నిలబడతారు. ఎవరు ఎవరిని చూడటానికి వచ్చారో తెలిసేది కాదు.

స్టేషన్ దగ్గర ఒక తోట ఉంది. అక్కడ ఒక ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న గరిటెతో మట్టి తీస్తూ ఏవో మొక్కలు ముగ్గు వేసినట్లు వరసలుగా నాటుతున్నాడు. దగ్గరికి పోయి చూస్తే జెముడు. మా చేలగట్ల మీద మేకలు రాకుండా కంచెకు పెట్టే జెముడు! దానికి నీడనిచ్చి, నీళ్ళు పోసి, చలికాలమంతా అద్దాల ఇంట్లో పెంచి, ఎండాకాలం రాగానే బయట నాటుతారట. దాన్ని చూడటానికే పక్కూళ్ళ నుంచి జనం వస్తారట.

గౌరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సాబన్నా, ఇది మా ఊళ్ళో పెరికి పారేస్తారని ఆ తాతకు చెప్పు."

"వద్దులేమ్మా. ఆయన గుండె పగుల్తాది. పాపం మనకెందుకు," అన్నాడు సాబ్జాన్.

ముసలాయన తలెత్తి, మేం మెచ్చుకుంటున్నామనుకుని ఒక చిన్న పిలకను గౌరి చేతికిచ్చాడు. గౌరి దాన్ని రెండు చేతులా ఆశీర్వాదపు అక్షతలు తీసుకున్నట్లు తీసుకుంది. ఒకచోట కంచెకు పనికొచ్చేది ఇంకోచోట తోటకు నడిమిరత్నం అయింది. చోటు మారితే వస్తువు విలువే కాదు, విధీ మారుతుందా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనను అక్కడే వదిలేశాను.

తిండికి గౌరి తిప్పలు గౌరివి. మేం దిగిన కొయ్య ఇంట్లో చిన్న వంటగది ఉంది. తెచ్చుకున్న రాగిపిండి పెట్టె అడుగుకొచ్చాక, వాళ్ళ నల్లరొట్టెనే సంగటి అనుకున్నాం. పెరుగుకు లోటు లేదు. అంగట్లో పుల్లని ఎర్రకాడలు దొరికితే వాటితో చింతపండు లేకుండానే పులుసు పెట్టింది. చేపలు తెచ్చిచ్చిన ఇంటి యజమానురాలికి మొక్కు సంగతి చెప్పి నచ్చజెప్పడానికి సాబ్జాన్‌కు ఒక పూట పట్టింది. చివరికి ఆ చేపలు ఆమె ఇంట్లో కూర్చుని సాబ్జానే తిని వచ్చాడు. ఆమె మనసు నొప్పించకూడదు గదా అన్నాడు.

*

ఏటి ఒడ్డున పాత ఉన్నిగోదాములో ప్రదర్శన పెట్టారు. మా కోసం నేలబండలు పెరికి గుంట తీశారు. నేను కుంకుమ పెట్టి, కొబ్బరికాయ దొరక్క ఒక ఆపిలుపండు కోసి నైవేద్యం పెట్టి, మొక్కు చీర పడుగు ఎక్కించాను.

మొదట్లో పోగులు ఊరికే తెగేవి. ధర్మవరంలో ఎన్నడూ ఇన్ని తెగలేదు. గౌరి అతికేది, నేను నేసేవాణ్ణి, మళ్ళీ తెగేది. అప్పుడొచ్చింది కారిన్ అనే ఆమె. పక్క మిల్లులో మగ్గాలు నడిపే మనిషి. నలభై ఏళ్ళుంటాయి. తలకు గుడ్డ కట్టుకుని, పని దిగి ఇంటికి పోతూ మా దగ్గర ఆగేది. ఒక సాయంత్రం తెగిన పోగు గౌరికంటే ముందు తానే అందుకుని ముడి వేసింది.

గౌరి ఆ ముడిని వేళ్ళ మధ్య తిప్పి చూసింది. "ఇదో, చూడు. ఈయమ్మ ముడి మన ముడే," అంది నాతో.

కారిన్ వెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెచ్చి మగ్గం చుట్టూ బండలమీద చల్లింది. గాలిలో తడి చాలకే పోగులు తెగుతున్నాయని సైగ చేసింది. మా ఇంట్లో మట్టిగుంట ఇచ్చే తడి ఈ బండల్లో లేదు. మరునాటి నుంచి గౌరి పూటపూటా నీళ్ళు చల్లింది. తెగడం తగ్గింది. కానీ అప్పటికే చాలా రోజులు పోయాయి.

అక్కడ పొద్దు ఆలస్యంగా మునుగుతుందని ముందే చూశాను గానీ, అది నా నియమానికి అడ్డం వస్తుందని తెలిసింది మగ్గం ఎక్కిన మొదటిరోజే. ఆరు కొట్టారు, జనం పోయారు. ఏడు కొట్టారు. కిటికీలో ఎండ మన నాలుగు గంటల ఎండలాగా ఉంది. కావలివాడు తాళంచెవులు చేతబట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిది కొట్టారు. కావలివాడు ఒక మోడా తెచ్చుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా పోతులయ్యా, లేవవా?" అన్నాడు సాబ్జాన్.

"పొద్దు మునగలేదు గదా."

"ఈ కాలంలో ఈ ఊళ్ళో పొద్దు మునిగేది తొమ్మిది దాటినాకంట. మళ్ళా మనం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరిగేలోగా లేస్తాదంట."

"నియమం నియమమే గదన్నా. నువ్వేం చేస్తాండావు, సాయంత్రం నమాజుకు?"

సాబ్జాన్ జేబులోంచి గడియారం తీసి చూపాడు. అది ఇంకా బెంగుళూరు వేళే చూపుతోంది. "పెనుకొండ బాబయ్య దర్గాలో చిరాగు దీపం పెట్టే వేళకు నాకు గూడా పొద్దు మునిగినట్లే."

"అట్ల చేయొచ్చునా?"

"తెలీదప్పా. అడిగేదానికి ఈడ మౌల్వీ లేడు. నేను యాడుండానో అల్లాకు తెలుసు, అంతే."

అతను వీలు చూసుకున్నాడని నాకు అనిపించింది. నేను మాత్రం వీలు చూసుకోదలచలేదు. పైగా పోనుపోను ఒకందుకు సంతోషించాను కూడా. పోగులు తెగి పోయిన రోజులను అమ్మవారు ఈ విధంగా పొద్దు పొడిగించి తిరిగి ఇస్తున్నదనుకున్నాను. నీల్సన్ దొర చెప్పి తాళంచెవి సాబ్జాన్ చేతికే ఇప్పించాడు. అప్పటి నుంచి రోజూ పొద్దు గోదాము గోడ వెనక్కి పోయేదాకా మగ్గం తొక్కాను. ఇంటికి పోయి కన్ను మూస్తే, మూసినట్లే ఉండేది కాదు. తెరసందుల్లోంచి మళ్ళీ వెలుతురు. లేచి స్నానం చేసి దిగేవాణ్ణి.

ఊరు చూడటం ఇక గౌరి వంతైంది. కండెలు చుట్టి పెట్టి, కారిన్ వెంట పోయి వచ్చి, మగ్గం పక్కన కూర్చుని చెప్పేది. పచ్చని ఆకులు చుట్టిన స్తంభం చుట్టూ ముసలివాళ్ళు గూడా చేతులు పట్టుకుని ఆడారని చెప్పింది. వాళ్ళ గుళ్ళో బెంచీలున్నాయనీ, దేవుడి ముందు కూర్చోవచ్చుననీ చెప్పింది. ఒకరోజు మిల్లు లోపలికి పోయి వచ్చింది.

"వరసగా ఆడోళ్ళే. ఒక్కొక్కరు నాలుగు మగ్గాలు చూసుకుంటాండారు," అంది.

"యంత్రం కదా నేసేది. వాళ్ళు నిలబడి చూస్తారు, అంతే."

"మొగోళ్ళు ఏం చేస్తారని అడిగితి. నూనె పోస్తారంట."

నేను నవ్వాను. గౌరి నవ్వలేదు. మా వాడలో ఆడవాళ్ళు పట్టు తీస్తారు, కండెలు చుడతారు, పడుగు సాగదీస్తారు, పోగులు అతుకుతారు. గుంటలో మాత్రం దిగరు. ఎందుకు దిగరని ఎవరూ అడగగా నేను వినలేదు.

*

ముందు నా పాదాలు వాచాయి. చెప్పులు పట్టకపోతే గుడ్డ చుట్టుకున్నాను. తర్వాత పిక్కలు గట్టిపడ్డాయి. గౌరి ఆముదం కాచి పట్టించేది.

"ఈ పొద్దుకు చాలు, లే," అనేది.

"ఎండ ఉండాది గదే."

"ఈ ఎండను నమ్ముకుంటే నువ్వు ఉండవు."

కొంగు నేయడం ఒక్కటే మిగిలిందనగా, ఒక పొద్దున అన్నానికి లేవబోతే కాళ్ళు కదలలేదు. సాబ్జానూ కావలివాడూ చంకల కింద చేతులు వేసి గుంటలోంచి పైకి లాగారు. డాక్టరు వచ్చి చూసి, కాళ్ళలో నరాలు వాచాయన్నాడు. ఓడ ఎక్కేదాకా కాళ్ళు దిండ్లమీద పెట్టుకుని పడుకోవాలి, నేలమీద అడుగు పెడితే ప్రాణానికే ముప్పు అన్నాడు.

ప్రదర్శన ఆ ఆదివారంతో ముగుస్తుంది. సోమవారం గోదాములో ఉన్నిబేళ్ళు దించుతారు. నీల్సన్ దొర నా మంచం పక్కన కూర్చుని, చీరను ఉన్నదున్నట్లు చుట్టి పెట్టెలో పెట్టిస్తాను, ఊరికి పోయి మిగిలింది నేసుకో అన్నాడు. మంచిమనసుతోనే అన్నాడు. సగం చీరతో మగ్గం విప్పడమంటే ఏమిటో ఆయనకు చెప్పడానికి సాబ్జాన్ దగ్గర గూడా ఇంగిలీషు చాలలేదు.

ఆయన పోయాక గోడవైపు తిరిగి పడుకున్నాను. నాకు పాప మొహమే కనబడుతోంది, పెదవులు ఎండి, కళ్ళు తేలేసిందని అమ్మ చెప్పగా విన్న మొహం. సముద్రానికి ఆవల ఉన్న పిల్లకు ఇప్పుడు జ్వరం తిరగబెడితే నాకు తెలిసేలోగా అంతా అయిపోతుంది.

గౌరి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నేను దిగుతా," అంది.

"యాడికి?"

"గుంటలోకి. కొంగే గదా ఉండేది."

"నీకు నేత వస్తాదా?"

"పెండ్లికి ముందు మా నాయన నడుము పడిపోయినప్పుడు, హిందూపురంలో మా ఇంట్లో నేసింది ఎవరనుకున్నావు? మాకు అన్నదమ్ములున్నారా? తలుపేసుకొని నేసేదాన్ని. సాలెవాళ్ళకు తెలిస్తే నిన్ను ఎవరూ చేసుకోరని మాయమ్మ నోరు మూయించింది."

పదేళ్ళ కాపురంలో నాకు తెలియని సంగతి అది. కోపం రాలేదు.

"అది మొక్కు చీర గౌరీ. ఇంకొక చేయి పడగూడదు."

"ఇంకొక చేయి ఎవరిది? మొక్కింది ఎవరు?"

నేను గోడవైపు నుంచి ఆమె వైపు తిరిగాను.

"ఆ పొద్దు నువ్వు పట్టు కోసమని బెంగుళూరు పోయింటివి. అత్త వైద్యుని కోసం పోయింది. ఇంట్లో నేనూ, పాప, అంతే. చౌడమ్మ పటం ముందర తల కొట్టుకొని మొక్కింది నేను. నువ్వు వచ్చేసరికి జ్వరం దిగింది. నేస్తే నువ్వే నేయల్ల గదాని నువ్వు మొదలుపెట్టినావు. నేను ఊరుకున్నా."

ఆమె గొంతు పెంచలేదు. కూరలోకి ఉప్పు ఎంత వేశానో చెబుతున్నట్లే చెప్పింది. నేను ఆ పటాన్ని తలచుకున్నాను. ఆ రోజు దాని ముందు ఎవరున్నారో అమ్మవారికి తెలుసు. నా కాళ్ళ వాపు సంగతీ ఆమెకు తెలుసు. అంతకుమించి నాకు ఆలోచన సాగలేదు.

"స్నానం చేసి దిగు," అన్నాను.

"చేసే వచ్చినా," అంది గౌరి.

*

ఆ మధ్యాహ్నం చర్చి గడియారం రెండున్నర కొట్టగానే గౌరి ఇంటికొచ్చింది. కిటికీలో ఎండ తెల్లగా ఉంది.

"ఇంత పొద్దుండగానే లేచేసినావా?" అన్నాను మంచం మీది నుంచి.

"సాబన్న గడియారం చూసినా. ధర్మవరంలో దీపాలు పెట్టే వేళయింది. మన పొద్దు అదే. ఇంకా మగ్గం చప్పుడు చేస్తాంటే చౌడమ్మకు నిద్ర వద్దా?"

వాకిట్లో ఉన్న సాబ్జాన్ దగ్గినట్లు నవ్వాడు. నేను వాదించడానికి నోరు తెరిచాను గానీ, దిండ్లమీద ఉన్న నా కాళ్ళు చూసి మూసుకున్నాను. అమ్మవారు ఏ పొద్దు చూసి నియమం పెట్టింది? తాను కూర్చున్న చోటి పొద్దే కదా. నేను వేరే ఊరి సూర్యుణ్ణి తెచ్చి ఆమె నియమానికి తగిలించాను. భక్తి అనుకున్నాను. అది భక్తి కాదని ఇప్పటికీ అనలేను. తెలివి మాత్రం కాదు.

చివరిరోజు నన్ను కుర్చీతో సహా ట్రాము ఎక్కించి గోదాముకు తీసుకుపోయారు. గౌరి గుంటలో ఉంది. కారిన్ సెలవు పెట్టుకుని వచ్చి పక్కన కూర్చుని కండెలు చుట్టి అందిస్తోంది. చుట్టూ ఆ ఊరి ఆడవాళ్ళు. వాళ్ళు మగ్గాల చప్పుడులో పుట్టినవాళ్ళు కాబట్టి, చప్పుడులో తడబాటు ఉంటే వెంటనే గుర్తుపడతారు. ఎవరూ మాట్లాడటం లేదు. నాడె అటూ ఇటూ పోతోంది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. తడబాటు లేదు.

మధ్యాహ్నం కొంగు పూర్తయింది. గౌరి పైకొచ్చి, చీర కొసకు కుంకుమ పెట్టి, కత్తెర నా చేతికివ్వబోయింది.

"నువ్వే కోయి," అన్నాను.

*

దసరాకు ముందే ఇల్లు చేరాం. పాప మమ్మల్ని గుర్తుపట్టక మా అమ్మ వెనక దాక్కుంది. నేను కట్టె ఆసరాతో నడుస్తున్నాను. చీరను దసరాల్లో ఒకనాడు గుడికి తీసుకుపోయాం.

మొక్కు చీర ఇచ్చేటప్పుడు కులపెద్ద నేసినవాడి పేరు అడిగి, అందరికీ వినబడేటట్లు చెప్పి, ఆ తర్వాతే పూజారికి అందిస్తాడు. ఆ ఏడు కులపెద్ద వెంకటరాముడు. వరసకు నాకు మామ అవుతాడు.

"ఎవరి చేతి నేతప్పా?" అన్నాడు, చీర పెట్టిన పళ్ళెం అందుకుంటూ.

"మొదలు నేను మామా. కొంగు గౌరి నేసింది. మొక్కు ఆమెదే."

వెంకటరాముడు మామ పళ్ళెం కింద పెట్టాడు.

"ఆడది గుంటలో దిగిందా?"

"దిగింది."

"సరే, యాడనో దూరాన జరిగింది. ఈడ ఎవరు చూసినారు? నీ పేరే చెప్తాలే."

"చౌడమ్మకు తెలుసు గద మామా," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. నేను ఎదురు చెప్పేవాణ్ణి కాదని ఆయనకు తెలుసు. అప్పుడు గూడా ఎదురు చెప్పాలని అనలేదు. గుళ్ళో నిలబడి ఇంకో పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు, అంతే.

"అట్లయితే ఈ చీర పక్కన పెట్టండి. పెద్దలతో మాట్లాడి మళ్ళా చూద్దాం," అన్నాడాయన పూజారితో.

ఈ సంగతి మా అమ్మకు అప్పుడే తెలిసింది. దారిపొడుగునా తిడుతుందనుకున్నాను. ఆమె గౌరి వంక గానీ నా వంక గానీ చూడలేదు. పాపను ఒళ్ళో వేసుకుని మంటపం స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"పదమ్మా పోదాం," అన్నాను.

"మీరు పోండి. మొక్కు తీరినాక వస్తా."

"ఏందక్కా ఇది, పెద్దదానివి," అన్నాడు వెంకటరాముడు. అమ్మ ఆయనకు అక్క వరస.

"పెద్దదాన్నే నాయనా. అందుకే నాకు ఇంటికాడ పనేం లేదు. కోడలు గుంటలో దిగింది తప్పో ఒప్పో, అది ఇంటికి పోయినాక నేను చూసుకుంటా. ఈ పిల్ల బతికింది మాత్రం నిజం గదా. బాకీ పెట్టుకొని ఈ పిల్లను ఇంటికి తీసకపోయేదానికి నాకు ధైర్యం లేదు. మీ పెద్దలు మాట్లాడుకోండి. ఎన్నాళ్ళైనా మాట్లాడుకోండి. ఈడ చల్లగా బాగుండాది."

అమ్మకు గౌరి అన్నం తెచ్చిపెట్టింది. వచ్చే పోయే ఆడవాళ్ళు ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. ఏమైందని అడిగినవాళ్ళందరికీ ఆమె మొదటి నుంచీ చెప్పేది, జెముడు తోట సంగతితో సహా. వెంకటరాముడు మామ గుళ్ళోకి వచ్చినప్పుడల్లా ఆ గుంపును తప్పించుకుని పక్కదారిన పోయేవాడు. విజయదశమి నాడు ఊరేగింపు తిరిగొచ్చాక, పూజారి ఎవరితోనూ ఏమీ అనకుండా ఆ చీర తీసి అమ్మవారికి కట్టాడు. పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పని అప్పటికి లేదు.

అమ్మ లేచి, హారతి కళ్ళకద్దుకుని, పాప నుదుట పెట్టి, ఇంటికి నడిచింది. గడప దాటాక గౌరితో ఒక్కమాట అంది.

"నేసేదైతే తలుపేసుకొని నేయి."

నా కాళ్ళు మళ్ళీ మునుపటివి కాలేదు. పొద్దున కాసేపు నేస్తే మధ్యాహ్నానికి బరువెక్కేవి. అన్నం తిని నేను లేవగానే గౌరి దిగేది. అమ్మ లేచి పోయి వీధితలుపు గడియ వేసి, వచ్చి తన చోట కూర్చునేది. ఆ చలికాలమంతా అట్లాగే జరిగింది. వాడలో మగ్గం చప్పుడు వినేవాళ్ళకు ఎవరు నేస్తున్నారో తెలియక కాదు. ఎవరూ అడగలేదు, మేం చెప్పలేదు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం గౌరి నేస్తోంది. అమ్మ విసనకర్ర ఊపుకుంటూ కూర్చుంది. వీధితలుపు బార్లా తెరిచే ఉంది. అమ్మ మరిచిపోయిందనుకుని నేను కట్టె అందుకుని లేవబోయాను.

"ఉండనీ. ఉక్క పోస్తాంది," అంది.

వీధిన పోతున్న ఎదురింటి యల్లక్క చప్పుడు విని ఆగింది. గడప బయట నిలబడి, మెడ సాచి లోపలికి చూసింది. గుంటలో గౌరిని చూసి, అట్లాగే నిలబడిపోయింది. గౌరి చేయి ఆగింది.

"ఎండలో నిలబడి ఏం జూస్తావు యల్లక్కా," అంది మా అమ్మ. "లోపలికొచ్చి కూచొని జూడు."